పెద్ద బండి బ్రేకులు

మర్రిగూడ,
2022 ఆగస్టు 9, మంగళవారం.

చిరంజీవి సౌభాగ్యవతి రోజారమణికి, మీ అవ్వ అండాలు దీవించి రాస్తున్నది.

ఇక్కడ మేము క్షేమం అని మొదలుపెట్టాలి. మీ నాయిన పోయిన ఇంట్లో కూర్చుని ఆ మాట రాయబుద్ధి కావడం లేదు. బతికి ఉన్నాం, అంతే. తిరుమలగిరిలో నువ్వూ మీ అమ్మా వేళకు తింటున్నారో లేదో. మీ మేనమామ ఇంటి మెట్లు నున్నటివి, వాన పడితే జారుతాయి, గోడ పట్టుకుని దిగండి. ఫోన్ చేస్తే మీ అమ్మ సుభద్రమ్మే ఎత్తుతోంది. నా నోట నీ పెనిమిటి పేరు రాగానే పెట్టేస్తోంది. అందుకే ఈ కాగితం.

ఈ ఆదివారం పెద్దమనుషులను కూర్చోబెట్టి మహేశ్‌తో తెగతెంపులు చేసుకుంటావని నీ తమ్ముడు సాయి చెప్పాడు. పైగా మా నాయినను సంపినోడు నాకు బావెట్లయితడే అవ్వా అన్నాడు.

బ్రేకుల గొడవ ఎక్కడ మొదలైందో మీరంతా మరిచిపోయారు. శ్రీశైలం నుంచి ఘాట్ దిగుతుంటే మన చిన్న కారు బ్రేకు ఎంత తొక్కినా పట్టలేదు, చక్రాల నుంచి పొగ వచ్చింది. మీ నాయిన నాతో అనలేదు, సాయే చెప్పాడు. ఇంక నాకు నిద్రెక్కడిది. మీ నాయిన చీరల మూటలు వేసుకుని పట్నం పోయిన ప్రతిసారీ వచ్చేదాకా గుమ్మంలోనే ఉండేదాన్ని. చివరికి ముసల్దాని ఫికర్ తీరనీ అని ఆయనే దేవరకొండలో మహేశ్ మెకానిక్ షెడ్డుకు తోలుకుపోయాడు.

చక్రం లోపల పళ్లెం లాంటి ఇనుప బిళ్ల తిరుగుతుంది, డిస్కు అంటారట. దాన్ని పట్టుకుంటేనే బండి ఆగుతుంది. మనది చిన్నది, మూటల బరువుకు కాగిపోతోంది, ముందు చక్రాలకు పెద్ద బండి డిస్కు వేస్తానన్నాడు మహేశ్. పోగులు దువ్వే పన్నెను ఒక మగ్గం నుంచి తెచ్చి ఇంకో మగ్గానికి పెడితే పోగులు తెగుతాయి. మీ తాత ఉన్నన్నాళ్లూ నేను చూసిందే కదా. ఆ మాటే అన్నాను. వాడు నవ్వి, తాత పన్నెకు వెదురు చీలిక పెట్టి బిగించలేదా అవ్వా, గిది గూడ గంతే అన్నాడు. డిస్కు నడిమి రంధ్రం మన బండికి వదులైతే లేత్ మిషన్ మీద రింగు చేయించి కూర్చాడు. డిస్కును పట్టుకునే ఇనుప దవడను పట్టీ వేసి బయటికి జరిపాడు. అది పాత చక్రాలకు తగులుతుందని నాలుగు చక్రాలూ పెద్దవి వేశాడు.

బండి ఇంటికి వచ్చిన రోజు మీ నాయిన వేళాకోళం నీకు గుర్తుండాలి, నువ్వూ అరుగు మీదే ఉన్నావు. అమ్మా, నువ్వే బండికి అడ్డం నిలబడు, బ్రేకు పడ్తదో లేదో చూపిస్త అన్నాడు. కొడుకు చేతిలో పోతే పుణ్యమే అని నిలబడ్డాను. నా కుచ్చిళ్లకు బెత్తెడు దూరంలో ఆగింది. మహేశ్ చేతిపని అట్లాంటిది. చెడ్డ బ్రేకు వేశాడని ఆ బండి ఎక్కినవాళ్లు ఎవరూ అనలేరు.

బ్రేకు తప్పు ఏమీ లేకుండానే మీ నాయిన పోయాడు. పొద్దున ఛాతీలో నొప్పి అంటే సాయి బండిలో వేసుకుని పట్నం దవాఖానకు బయల్దేరాడు. మాల్ ఊరు దాటాక ముందు చక్రం పగిలింది. సాయి డిక్కీలోంచి స్టెప్నీ తీస్తే అది పాత చిన్న చక్రం. కొత్త దవడకు తగిలి ఎక్కలేదు. అంబులెన్సుకు ఫోన్ చేస్తే దూరం నుంచి రావాలన్నారు. ఎండలో వాడు అదే చక్రాన్ని ఎక్కిస్తూ దించుతూ ఏడ్చాడట. ఆఖరుకు ఒక లారీ డ్రైవరు ఆగి, వెనక చక్రం తీసి ముందుకు వేసి, చిన్నదాన్ని వెనక్కి వేశాడు. వెనక ఆ దవడ లేదు కదా, పట్టింది. బండి కదిలింది. మీ నాయిన కదల్లేదు.

అప్పటి నుంచి అందరి నోటా ఒకటే. నాలుగు చక్రాలు మార్చినవాడు స్టెప్నీ ఎందుకు మార్చలేదు? పిల్లనిచ్చిన మామకు కూడా కక్కుర్తి పనేనా? పెద్దకర్మ రోజు అల్లుడు బట్టలు పెట్టడానికి వస్తే, సాయి ఆ బట్టలు వాడి చేతిలోనే తిరిగి పెట్టాడు. చుట్టాలంతా చూస్తున్నారు. నీ బట్టలు కడితే మా ఒళ్లు కాల్తది, తీస్కపో అన్నాడు. మీ అమ్మ ఆపలేదు. నువ్వు స్తంభం పక్కన నిలబడి నేల చూశావు. మహేశ్ ఆ పంచెను మడత చెడకుండా సంచిలో పెట్టుకుని, చెప్పులు వేసుకోవడం కూడా మరిచి వెళ్లిపోయాడు. బిడ్డా, ఇంటికి వచ్చిన పగవాడిని కూడా అట్లా పంపరు.

మీ మీద నాకు కోపమే ఉంది, దాచుకోను. సాయి మీద ఉంది, మీ అమ్మ మీద ఉంది. నోరు మూసుకుని తిట్లు తిన్న మహేశ్ మీద ఇంకా ఎక్కువ ఉంది. నీ మీద అందరికన్నా ఎక్కువ ఉంది. వాడి పక్కన సంసారం చేసినదానివి, ఎందుకిట్లా అయిందని వాడిని ఒక్క మాట అడగలేదు. అడగకుండా తెంపుకుంటే అది తీరని తప్పు. ఆదివారం లోపు ఒకసారి మర్రిగూడ రా. బస్సులో కిటికీ పక్కన తల బయటపెట్టకు. ఎక్కగానే పక్కింటి రామమ్మ ఫోన్‌కు చెప్పు, ఆమె నాకు చెబుతుంది.

ఇట్లు,
మీ నాయినను కన్న అవ్వ,
అండాలు.

తా.క. కాగితం మడిచి మళ్లీ విప్పాను. పైన రాసింది చదివితే నువ్వు రావని నాకే తెలుస్తోంది.

మొన్న వానకు మగ్గం గుంటలోకి నీళ్లు ఊరాయి. గోనెపట్టాలు ఎండేద్దామని లాగితే గోడకు ఆనించి ఒక చక్రం ఉంది. పెద్దది, రోడ్డు మట్టి అంటనిది. మహేశ్‌ను పిలిపించాను. చూడగానే గోనెపట్టా మళ్లీ కప్పబోయాడు. నేను వదలకుండా అడిగితే చెప్పాడు. స్టెప్నీ కూడా పెద్దదే ఇచ్చాడు. అది డిక్కీలో దాని గూట్లో కూర్చోక పైన పలక లేచింది. చీరల మూటలు పట్టవు, మడతలు నలుగుతాయని మీ నాయినే దాన్ని తీసి పాతది పెట్టుకున్నాడు. వద్దు మామా, చిన్నది ముందటికి ఎక్కది అని మహేశ్ చెబితే, చూద్దాంలే అన్నాడట.

మరి ఇంతమంది తిడుతుంటే ఎందుకు చెప్పలేదురా అని అడిగాను.

"నా మీద తిట్లే కదవ్వా పడ్డయి. మామ తన సావు తనే తెచ్చుకున్నడన్న మాట పడొద్దు."

ఎవరికీ చెప్పొద్దని నా చేతులు పట్టుకున్నాడు. నేను ఒప్పుకోలేదు. కన్న కొడుకు తప్పు కన్నతల్లి చేత్తో రాయాల్సి వచ్చింది, ఆ దేవుడికి నా మీద ఏం పగనో.

చక్రాన్ని అక్కడి నుంచి కదపలేదు. వచ్చి చూడు. చూశాక మహేశ్ దగ్గరికి పోతావో పోవో నీ ఇష్టం. కానీ మీ నాయినను మాత్రం నా ముందు ఒక్క మాట అనకు.