పలికినవాడు

కల్లూరు,
ఆదివారం.

సుంకమ్మ వదినకు, వీరభద్ర తల వంచుకుని రాసుకునేది.

రంగన్న ఇల్లు చేరి పదహారు రోజులైంది. ఆలూరు బస్సు మా సందు చివరే ఆగుతుంది, నేనే ఎక్కలేదు. జ్వరమని నీకు రెండుసార్లు చెప్పాను. అబద్ధం వదినా. నిజం ఫోనులో చెబితే నీ గొంతు వినాల్సి వస్తుంది. ఆ ధైర్యం లేక కాగితం పట్టుకున్నాను.

మేమిద్దరం బోరుబండి మీద పనికి పోయిన ఆ దేశంలో ఎన్నికలు వాయిదా వేసి గొడవలు మొదలయ్యాయని నీకు తెలుసు. మన రాయబార కార్యాలయం వాళ్లు మరీ మరీ చెప్పారు. క్యాంపు దాటొద్దు, గుంపు కనబడితే వెనక్కి తిరగండి, పాస్‌పోర్టు నకలు ఒంటి మీదే ఉంచుకోండి అని. నేనూ అన్నా ఒకరి నకలు ఇంకొకరి దగ్గర కూడా పెట్టుకున్నాం. మా వంటమనిషి ఆ దేశంవాడే. అతను ఇంకో సంగతి చెప్పాడు. వాళ్ల భాషలో 'అపా' అంటే లేవండి అని అర్థమట, ఊరేగింపుల్లో అదే కేక, సర్కారు దాన్ని నిషేధించింది. మీ 'అప్పా' అచ్చం అలాగే వినబడుతుంది, మీరు మాటమాటకీ అదే అంటున్నారు, వీధిలో నోరు జాగ్రత్త అని బతిమాలాడు. మేం పగలబడి నవ్వాం. "అప్పా అనకుండా మాట్లాడాల్నంటే మనం మూగోళ్లమైపోవాలప్పా" అన్నాడు అన్న. అయినా భయపడి నాలుగు రోజులు ఒకరినొకరు సార్ అని పిలుచుకున్నాం.

నెట్టు, ఫోన్లు ఆపేసిన మూడో రోజు మధ్యాహ్నం అన్న క్యాంపులో కనబడలేదు. గేటు దాటి బజారు వైపు పోయాడని తెలిసి పరుగెత్తాను. కూడలిలో సిపాయిలు, వాళ్లకు ఇవతల గుంపు. అన్న నేరుగా ఆ గుంపులోకే పోతున్నాడు. నా నోట్లోంచి సార్ రాలేదు వదినా. "రంగప్పా! యాడికి పోతాండావప్పా! ఎనక్కి రా అప్పా!" అని గొంతు చించుకున్నాను. సిపాయిలు ఇటు తిరిగారు. అన్న నన్ను చూసి చెయ్యెత్తి "వస్తాండానప్పా!" అన్నాడు. అంతే, ఆయన మీద పడ్డారు. తుపాకి మడమతో చెయ్యి విరగ్గొట్టడం గోడ చాటు నుంచి చూశాను. అవును, గోడ చాటు నుంచి. పిలిచింది నేనని ముందుకు రాలేదు.

మర్నాడు మమ్మల్ని తీసుకుపోవడానికి వచ్చిన రాయబార కార్యాలయం వాళ్ల చేతిలో అన్న పాస్‌పోర్టు నకలు పెట్టి ఏడ్చాను. పదకొండు రోజులు ఆయన లోపలుంటే నేను విమానమెక్కి ఇంటికొచ్చాను. దారిన పోయేవాళ్లందరినీ పట్టుకున్నారని నీకు కథ చెప్పాను. పిలిచింది నేను, పట్టుకుపోయింది పలికినవాణ్ణి. ఇక నీ ఇష్టం.

నీ ఎదుట నిలబడలేని మరిది,
వీరభద్ర


ఆలూరు,
గురువారం.

మరిది వీరభద్రకు, మీ వదిన రాసేది.

నువ్వు గోడ చాటుకు పోయావని చదివినప్పుడు కోపం రాలేదంటే అబద్ధమవుతుంది. నీ ఉత్తరం పొయ్యిలో పెట్టబోయి ఆగాను. ఎందుకు ఆగానో విను.

మీ అన్న ఆ రోజు గేటు ఎందుకు దాటాడో నువ్వు రాయలేదు. నీకు తెలియదు. టీవీలో ఆ మంటలు చూసి, ఆఖరి ఫోనులో నేను ఒట్టు పెట్టాను. "దినామూ నీ గొంతు ఇనిపియ్యాల. ఇనిపియ్యని దినం నేను సంగటి ముట్టను" అన్నాను. రెండు రోజులు నిజంగానే ముట్టలేదు. ఆయన్ని విడిపించినవాళ్లు చెబితే తెలిసింది: మూడో రోజు బజారులో ఎక్కడో పనిచేసే టెలిఫోను ఉందని ఎవరో అంటే ఆయన బయలుదేరాడు, నేను అన్నం తినాలని. మీకు అందరూ జాగ్రత్తలు చెప్పారు నాయనా, ఇంట్లో ఉన్నవాళ్లకు ఎవరూ చెప్పలేదు. ఆయన చేత గేటు దాటించింది నేను. ఈ మాట మా అమ్మకు కూడా చెప్పుకోలేదు.

నువ్వు ముందుకొచ్చి ఉంటే ఇద్దరూ లోపలుండేవాళ్లు. ఆయన్ని విడిపించిన ఆ నకలు ఎవరిచ్చేవాళ్లు?

చెయ్యి అతుక్కుంటోంది. మాటే లేదు. మొన్న పక్కింటి చిన్న ఈరన్న గోడ అవతల నుంచి "ఏమప్పా, బాగుండావా?" అన్నాడు. ఈయన గబుక్కున మంచం దిగి, బాగున్న చెయ్యి తల మీద పెట్టుకుని, గోడకు ముఖం పెట్టి మోకాళ్ల మీద కూర్చున్నాడు. అప్పటి నుంచి మా ఇంట్లో ఎవరూ ఆ మాట అనడం లేదు.

నీ ఉత్తరం ఆయనకు చదివి వినిపించాను. నా ఒట్టే నిన్ను గేటు దాటించిందని ఒప్పుకుని ఏడ్చాను. బాగున్న చేత్తో నా కళ్లు తుడిచాడు. తర్వాత, "వాడు పిల్సింది నన్ను కాపాడేకి. ఇంకా ఏల రాల్యా?" అన్నాడు. ఇల్లు చేరాక అంత మాట అనడం అదే మొదలు.

ఆదివారం రా. సంగటి చేసి ఉంచుతాను, ముగ్గురం కలిసి తిందాం. అయితే వచ్చీరాగానే లోపలికి రావద్దు. వాకిట్లో నిలబడి, ఆ రోజు కూడలిలో పిలిచినట్టే పిలువు, ఆ మాటతోనే. పలికినా ఎవరూ పట్టుకుపోరని ఆయనకు తెలియాలి. ఒకసారికి పలకడు. పలికేదాకా పిలువు.

నీ రాక కోసం చూసే వదిన,
సుంకమ్మ