పెరట్లో గోడ

రోశమ్మా,

పెరట్లో గోడకు పది రోజులపాటు పొద్దునా సాయంత్రం నీళ్లు కొట్టు. ఒక్కపూట కూడా మానొద్దు. గేదెను దాని పక్కన కట్టెయ్యొద్దు. ఒళ్లు రుద్దుకుందంటే పచ్చిగోడ కదులుతుంది.

నువ్వు మిరపకోతకు పోయిన కాసేపటికి ఏజెంటు టెలిగ్రాం వచ్చింది. ఎల్లుండి బొంబాయిలో పరీక్షంట. ఇటుక గోడ కట్టి చూపించాలి. పాసైతే అటునుంచి అటే మస్కట్ విమానం ఎక్కిస్తారు. మళ్లీ రెండేళ్లకే రావడం. చేను దాకా వచ్చి చెబుదామంటే మధ్యాహ్నం బస్సు తప్పిపోతుంది.

రాతిపని చేసిన చేతికి ఇటుక అంత తేలిగ్గా లొంగదు. అందుకే నెల రోజులుగా సాయంత్రం పూట మట్టితో ఇటుక గోడ కట్టి, నిలువు సరిగ్గా ఉందో లేదో గుండు పట్టి చూసుకుని, పడగొడుతున్నాను. "ఊరందరికీ ఇళ్లు కడతావు, నాకు మాత్రం స్నానానికి తడికే గతి. కట్టింది కూలగొట్టే పిచ్చి ఏందయ్యా నీకు" అన్నావు మొన్న.

నిన్న కట్టిన మూడు వైపుల గోడ కూడా అలాంటిదే అనుకున్నట్టున్నావు, తిరిగి చూడలేదు. అది సిమెంటుతో కట్టాను. పడగొట్టేది కాదు. నీ స్నానాలగది. తలుపు నేను వచ్చాక పెడతాను, అప్పటిదాకా గోనెపట్టా కట్టుకో.

చిన్నకోటయ్య

ఎత్తు నీ తలకంటే జానెడు ఎక్కువే పెట్టాను. తడిక చాటున వంగి పోసుకోవడం అలవాటైపోయింది నీకు. ఇక నిలబడి పోసుకో.