చీటీ మీద సగం పేరు

మార్చి, బుధవారం

కోల్డ్ స్టోరేజీలో గొడవైంది. ప్రత్తిపాడు లక్ష్మీనారాయణకు చెందిన మేలురకం మిరప బస్తాలను హమాలీలు లక్ష్మీనరసయ్య లారీకి ఎక్కించబోయారు. ఇద్దరి బస్తాల చీటీల మీదా ‘లక్ష్మీన’ అనే ఉంది. చీటీలు కొట్టే ప్రోగ్రాం రాసింది నా మనవరాలు సుజాత. ఓనరు దాన్ని పనిలోంచి తీసేస్తానన్నాడు.

"ఎనిమిది అక్షరాలకే చోటు పెట్టాను తాతయ్యా. కంప్యూటర్ లక్ష్మీనారాయణ పేరుని పదమూడు అక్షరాలంటోంది."

"ఆరేనే పిచ్చిదానా! ఒత్తుకో లెక్క, గుడికో లెక్కా? క్ష్మీ అంతా కలిపి ఒకటే!"

నేను పెద్దగా చదువుకోలేదు. కానీ నలభై ఏళ్లు గోతాల మీద రైతుల పేర్లు రాశాను. చోటు చాలకపోతే అక్షరం మొత్తం వదిలేశాను గానీ ఏనాడూ ఒత్తు విరగ్గొట్టలేదు.

సుజాత నేను చెప్పినట్టే లెక్క మార్చింది. సాయంత్రానికి రెండు పేర్లూ నిండుగా వచ్చాయి. ఓనరు మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

పేటలోని కోల్డ్ స్టోరేజీల్లో చీటీలు ఎలా కొడుతున్నారో ఏమో. పిలిస్తే వెళ్లి ఈ లెక్క చెప్తాను...