ఏడ్చే ఆయన కారం

మస్తాన్,

నువ్వు పోయి నేటికి ఏడాది. మన కారం పొట్లం ఇంటర్నెట్‌లోకి ఎక్కిందని చెబుదామని రాస్తున్నాను.

నార్కట్‌పల్లి స్టూడియోలో మొదటి ఫొటోకు టోపీ సర్దుకుని ఎంత బాగా నవ్వావు! రెండోదానికి నీ ముక్కు కింద చిటికెడు కారం ఊదింది నేనే. ఎర్రటి కళ్లతో, చెంపల మీద నీళ్లతో పడిన ఆ ఫొటోనే పొట్లం మీద అచ్చు వేయించాను.

"నవ్వే మొఖం పెడితె పండ్లపొడి అనుకుంటర్రా" అన్నాను. నెలరోజులు నువ్వు నాతో మాట్లాడలేదు. జనం మాత్రం "ఏడ్సేటాయన కారం ఇయ్యి" అని అడిగి మరీ కొన్నారు.

ఇంటర్నెట్‌కూ ఆ బొమ్మే ఇద్దామంటే నీ భార్య హబీబా అడ్డుపడింది. "ఇంకెన్నేండ్లు ఏడిపిస్తవ్ భయ్యా ఆయనను?" అంది. ఆ బొమ్మ తీస్తే బేరం పోతుంది, ఉంచితే చెల్లె ముఖం చూడలేను. ఎటూ కదలలేక, చివరికి నవ్వే ఫొటోనే ఇచ్చాను.

మొన్న నల్లగొండ ఇంటర్నెట్ సెంటర్‌లో ఆ ఫొటో మెల్లగా తెరుచుకుంటుంటే టోపీ, నుదురు, కళ్లు, ఒక్కొక్కటిగా నువ్వు తెర మీదికి దిగావు. మన కారం తప్ప వేరేది కొనని మల్లయ్య సార్ పక్క కుర్చీలోనే ఉన్నాడు.

"గీయనెవరు అంజయ్యా?"

"మా మస్తాన్, సార్."

"ఏ మస్తాన్?"

ఎన్ని చెప్పినా ఆయనకు తెలియలేదు. ఆఖరికి "ఏడ్సేటాయన" అన్నాను.

"గట్ల చెప్పరాదూ!" అని నవ్వాడు.

నిన్ను మళ్లీ ఏడిపించి వచ్చానని చెల్లెకు చెప్పలేదు. నీకే చెబుతున్నాను.

నీ అంజయ్య