అంగుళంపావు కుసి

జమ్మలమడుగు దగ్గర, జనవరి 1999

ప్రొద్దుటూరులో మిషన్ల అంగడి నడిపే యూనుస్ మామకు వడ్రంగి యోబు వందనాలు.

ఇక్కడ నేనూ ఆనందమ్మా క్షేమం. నీ దగ్గర కొన్న రూటర్ మిషన్ మాకంటే క్షేమం, దానికింకా పని తగల్లేదు. ఇప్పుడు తగిలింది. మా పై వీధి పెద్దాయన వాకిలికి జంట తలుపులు చెప్పాడు. ఆయన పేరు రాయను. ఉత్తరాలు మనకంటే ముందు ఎవరెవరు చదువుతున్నారో ఏమో.

టేకు చెక్క, అంగుళన్నర మందం. ఇన్నాళ్లూ ఒక చెక్కకు ఉలితోనే బెజ్జం తొలిచి, ఇంకో చెక్క కొసను కుసిగా చెక్కి అందులోకి దించేవాణ్ని. పిల్లనిచ్చిన మా మామ పాలయ్య నేర్పిన లెక్క ఒకటే. చెక్క మందంలో మూడో వంతు కుసికి, రెండు పక్కలా మిగిలింది దానికి గోడ. కాబట్టి బెజ్జం తొలవడానికి మిషన్‌కు అరంగుళం బిట్టు కావాలి. తిన్నగా ఉండేది వద్దు, లోతుకు పోయేకొద్దీ పొట్టు ఇరుక్కుని చెక్క మాడుతుంది. మెలి తిరిగినది పంపు, అది పొట్టును పైకి తోడేస్తుంది.

ఉంటాను మామా,
యోబు

తా.క.: ఆనందమ్మ తమ్ముడు సుందరం మా పెద్దాయనకు పగవాడైన కింది వీధి పెద్దాయన దగ్గర పనికి కుదిరాడు. అప్పటినుంచి అక్కాతమ్ముళ్లకు మాటల్లేవు. చర్చిలో పాస్టరుగారు శత్రువును ప్రేమించమన్నప్పుడు మాత్రం ఒకరినొకరు ఓరగా చూసుకుంటారు.

*

ప్రొద్దుటూరు

అల్లుడు యోబుకు యూనుస్ సలాములు.

నువ్వడిగిన బిట్టు బస్సు కండక్టరు చేతికిచ్చాను. నీ బావమరిది సుందరం కూడా వచ్చాడు. కింది వీధి వాకిలికీ జంట తలుపులేనట. "మా బావ యాది తీసుకున్యాడు?" అని అడిగాడు. అరంగుళమని చెప్పాను. వాడూ అదే పట్టుకుపోయాడు. ఒకే గురువు శిష్యులు కదా, ముచ్చటేసింది.

మీ మేలు కోరే,
యూనుస్

తా.క.: అంగడిలో మాట దాచడం నాకు చేతకాదు. అందుకే నాకు ఇన్ని బేరాలు.

*

జమ్మలమడుగు దగ్గర

యూనుస్ మామకు,

కొంప ముంచావు. సుందరం కొన్న బిట్టు సంగతి పై వీధికి చేరింది. పెద్దాయన నన్ను పిలిపించాడు.

"ఏందిరా యోబూ, ఆ పక్కోనిదీ అరంగుళమే, మనదీ అరంగుళమేనా? మనది ముప్పావుండల్ల."

"అయ్యా, కుసి లావైతే పక్క గోడలు పలచనైతాయి. తలుపు నిలబడదు."

"తలుపు సంగతి నాకు చెప్తాండావా? రేపు నేను ఊర్లో తలెత్తుకోని తిరగొద్దా?"

"శానా ఏండ్లుగా ఇదే కొలత అయ్యా."

"అంటే నువ్వు ఆ పక్కోనివన్నమాట."

మామా, మా ఊర్లో ఈ మాట పడినవాడు బతకడు. ముప్పావు బిట్టు పంపు.

భయంతో,
యోబు

తా.క.: ఈసారైనా నోరు కుట్టేసుకో.

*

ప్రొద్దుటూరు

అల్లుడికి,

ముప్పావు పంపాను. నీ మీద ఒట్టు, సుందరానికి నేనేమీ చెప్పలేదు. అంగడి ముందు టీ కొట్టు మున్వర్ చెప్పాడు. మున్వర్‌కు ఎవరు చెప్పారంటావా? అది నేనే.

సుందరం అంగుళం బిట్టు కావాలన్నాడు. ఇవ్వనంటే ఏమవుతుందని అడిగాను. "నీకేమీ కాదు మామా, నాకైతాది" అన్నాడు. ఇచ్చేశాను.

తల వంచుకుని,
యూనుస్

తా.క.: కొత్త ఉలులు వచ్చాయి. అడిగేవాడు లేడు.

*

జమ్మలమడుగు దగ్గర

మామా,

అనుకున్నట్టే అయింది. పై వీధి పెద్దాయన అంగుళంపావు అంటున్నాడు. అంగుళన్నర చెక్కలో అంగుళంపావు బెజ్జం! రెండు పక్కలా మిగిలేది దోసె మందం. బెజ్జం తొలిచేటప్పుడే అది చీలిపోతుంది. చీలకపోతే మొదటిసారి గట్టిగా తోసినప్పుడు ఊడుతుంది. అప్పుడు కింది వీధివాళ్లు నన్ను కొనేశారని అంటాడు. నా ప్రాణం పోతుందని భయంగా ఉంది. ఊరొదిలి పోదామంటే, ఆనందమ్మ తన నాన్న సమాధిని, ఆయన కట్టిన పని కొట్టాన్ని వదిలి అడుగు కదపనంటోంది.

నాకు దారి చెప్పు. కొత్త బిట్లు పంపి చేతులు దులుపుకోకు.

నీ యోబు

తా.క.: దేవుడు నోవహుకు ఓడ కొలతలన్నీ చెప్పాడు కానీ, పక్కవాడి ఓడ ఎంతని అడగలేదు.

*

ప్రొద్దుటూరు

అల్లుడా,

దిగులు పడకు. బెజ్జంలో దిగిన కుసి ఎంత లావుందో బయటివాళ్లకు ఎవరికి తెలుస్తుంది? అంగుళంపావు బిట్టు పంపుతున్నాను. దానికి నూనె రాసి, పళ్లెంలో పెట్టి పెద్దాయనకు చూపించు. ఆయన మీసం తిప్పుకుని వెళ్లాక అరంగుళం బిట్టుతోనే పని కానివ్వు.

నీ బాగు కోరే,
యూనుస్

తా.క.: ఇది చదివి చించెయ్. నేను ఎవరికీ చెప్పనులే.

*

జమ్మలమడుగు దగ్గర, ఏప్రిల్

మామా,

నువ్వు చెప్పినట్టే చేశాను. పెద్దాయన ఆ బిట్టును అద్దాల బీరువాలో పెట్టుకున్నాడు, వచ్చినవాళ్లకల్లా చూపిస్తున్నాడు.

మొన్న తెల్లవారుజామున కింది వీధివాళ్లు వచ్చి ఆ తలుపు మీద బాంబులేశారు. మరుసటి రోజు వీళ్లు పోయి వాళ్ల తలుపు మీద వేశారు. రెండు తలుపులూ చెక్కు చెదరలేదు. మొన్న మా పెద్దాయన వాకిలి ఊడుస్తున్న పనిమనిషి వెంకటమ్మకు కుడి చెయ్యి పోయింది. ఊరంతా వచ్చి తలుపును మెచ్చుకుని పోయారు. పెద్దాయన నాకు శాలువా కప్పాడు. వెంకటమ్మ నెత్తురు ఇంకా అరుగు మీదే ఉంది. నాకు ఆ శాలువా మంట పెట్టినట్టుంది.

యోబు

తా.క.: సుందరం పాపం అంగుళం కుసితో ఎలా నెట్టుకొచ్చాడో అర్థం కావడం లేదు.

*

ప్రొద్దుటూరు

అల్లుడికి,

వెంకటమ్మ సంగతి చదివి ఆ పూట అంగడి తెరవలేదు. అయినా నువ్వు బతికావు, అది చాలు. ఎన్నికలు దగ్గరపడుతున్నాయి. వాళ్లిద్దరూ కొట్టుకున్నన్ని రోజులు నీ గుట్టుకు వచ్చిన భయమేమీ లేదు.

ధైర్యంగా ఉండు,
యూనుస్

తా.క.: వాళ్లు కొట్టుకోకుండా ఉండటం మన కాలంలో జరగదులే.

*

పులివెందుల, ఆగస్టు

యూనుస్ మామకు,

జరిగింది. పైనుంచి ఒక నాయకుడు జీపుల్లో దిగి ఇద్దరినీ ఒకే పార్టీలోకి లాగాడు. షామియానా వేసి పొట్టేళ్లు కోశారు. వెంకటమ్మ చేతి సంగతి ఎవరూ ఎత్తలేదు. భోజనాల దగ్గర మాత్రం ఎవరి కుసి లావని పంతం వచ్చింది. "అంత మాటెందుకప్పా, పీకి చూస్తే పోలా" అన్నాడు నాయకుడు.

మొదట పై వీధి తలుపు విప్పారు. అరంగుళం. కింది వీధివాళ్లు ఈలలేశారు, పై వీధివాళ్లు నా కోసం రాళ్లు ఏరుకున్నారు. నేను ప్రార్థన మొదలుపెట్టాను. తర్వాత కింది వీధి తలుపు విప్పారు. అదీ అరంగుళమే! సుందరానికీ నువ్వు అదే సలహా ఇచ్చావటగా.

పెద్దాయనలిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. "మనిద్దర్నీ మోసం చేసినారప్పా ఈ నా కొడుకులు" అని కావలించుకున్నారు. ఇద్దరికీ కళ్లలో నీళ్లు తిరిగాయి. రాజీ అయ్యాక వాళ్లు కలిసి చేసిన మొదటి పని, పొద్దు గుంకేలోపల మమ్మల్ని ఊరు దాటించడం. కొట్టం కూల్చేశారు. మిషన్లూ బిట్లూ ఆడనే పోయాయి. ఆనందమ్మ వాళ్ల నాన్న సమాధి దగ్గర ఒక్క నిమిషం నిలబడతానంటే ఒప్పుకోలేదు.

ఇప్పుడు నేనూ సుందరం ఇక్కడ ఒకే రేకుల షెడ్డులో, అద్దె మిషన్ మీద పని చేసుకుంటున్నాం. నిన్న ఎవరో కొత్త మనిషి తలుపులు చెప్పడానికి వచ్చాడు, మేమెవరో ఎరగడు. మా ఊర్లో కొత్త పార్టీ ఆఫీసు కడుతున్నారట, ఇద్దరు పెద్దాయనలూ అందులోనే కూర్చుంటారట. "దొంగ వడ్రంగుల్ని తరిమేసినారంట. కుసి అంగుళంపావుకు తగ్గకూడదని చెప్పినారు" అన్నాడు. నాకు శానా సంతోషమేసింది మామా. ఈసారి అడిగినంతా కోసి పంపుతానని సుందరంతో అన్నాను.

నీ యోబు

తా.క.: అలా కోస్తే మా ఇద్దరికీ అన్నం పెట్టనంది ఆనందమ్మ. ఆ తలుపు తీసేదీ మూసేదీ పెద్దాయనలు కాదు, ఎవరో ఒక జీతగాడు, విరిగితే వాడి నెత్తినే పడుతుందని ఏడ్చింది. అందుకని రెండు బిట్లూ పంపు. అంగుళంపావుది చూపించడానికి, అరంగుళానిది కొయ్యడానికి.