హారతి సెగ తెలియని చెయ్యి

భీష్మ ఏకాదశి, గురువారం

మానిన గాయం మండుతుందా? చెప్పు! పుండు మూసుకుపోయి ఎనిమిది నెలలైతే ఇంకా ఏం ఏడుపు?

ఇవాళ గద్వాల సత్సంగంలో ప్రవచనం చెబుతూ ఇదే అడిగాను, చెల్లెలు పద్మను అందరి ముందు నిలబెట్టి. జొన్న కోతల్లో మణికట్టు దగ్గర కొడవలికి తెగిన చెయ్యి. సన్నని మచ్చ తప్ప ఏమీ లేదు. అయినా గాజు తాకితే కేక, కొంగు తాకితే కేక. హారతి మంట మీద చిటికెన వేలు పెట్టించాను — ఉలకలేదు! మచ్చ మీద పట్టు శాలువా అంచు తగిలించాను — "అమ్మా!" అని కూలబడింది.

"చూసిన్రా? నిప్పు కాలదంట, పట్టు కాలుతదంట!"

నవ్వులు. వెనక నుంచి ఎవరో — "మొగునితోని పట్టుచీర కొనిపిచ్చే ఉపాయమా అక్కా?"

అంపశయ్య మీద భీష్ముడు ఏడ్చాడా? గ్రంథం తెరిచి 'ఓర్చుకో' అన్న చోటు చూపాను. ఇదంతా మనసు కల్పించే మాయ, ఆ నరాల గోలీలు మానెయ్యి అన్నాను. తల ఊపింది.

ద్వాదశి, శుక్రవారం

గొంతు బొంగురు. నిన్న సత్సంగంలో ఎవరో తీసిన వీడియో మానవపాడు దాకా పోయిందట. మంచిదే.

బహుళ పాడ్యమి, సోమవారం

పద్మ చిటికెన వేలికి బొబ్బ, చీము. హారతిది. కాలినట్టే తెలియలేదట.

వనపర్తి దవాఖానకు నేనే తీసుకుపోయాను — నాటకమని డాక్టరు నోటితోనే అనిపించాలని.

ఆయన చిటికెన వేలికి సూది గుచ్చాడు. పద్మ గోడ గడియారం చూస్తూ కూర్చుంది. మచ్చ పక్కన దూది రాశాడు. కుర్చీలోంచి ఎగిరిపడింది.

"నాటకమే కదా సార్?"

"ఇదే రోగం, పెద్దాయనా. నరం తెగింది. వేలికి స్పర్శ పోయింది, నిప్పు గూడ తెల్వదు. తెగిన కొస ఊకుంటదా? ఉండ కట్టి, ఎవరు ముట్టకున్నా మంట మంట అని మెదడుకు చెప్తనే ఉంటది. వెన్నుల నరాలు గూడ అదే పాట అందుకుంటయి. ఇగ దూది తాకినా నిప్పే. గాయం మానింది, నరం మానలే. గోలీలు ఎవరు మాన్పిచ్చిన్రు?"

ఈసారి గోడ గడియారం నేను చూశాను. పద్మ నా పేరు చెప్పలేదు.

విదియ, మంగళవారం

నేను అబద్ధమని చూపించినదే... రోగానికి రుజువు! ఇవాళ నేతకు మగ్గం ఎక్కలేదు. గ్రంథంలో ఓర్చుకో అనే ఉంది, నిజమే — నీ నొప్పి నువ్వు ఓర్చుకో అని. పక్కవాళ్ల నొప్పిని ఓర్చుకొమ్మని చెప్పడానికి నేనెవరిని?

చవితి, గురువారం

పద్మ మొగుడు నర్సింలు ఫోన్ చేశాడు. "బావా, నీ వీడియో మళ్ల చూసిన. మాయ అంటివి గదా. లింగాల కాడ ఒకాయన కాల్చిన కడ్డీతోని వాత పెడ్తడంట. రేపు పొద్దున తీస్కపోత."

వెనక పద్మ గొంతు — "నా మాట నమ్మకుంటే డాక్టర్ ఏమన్నడో అన్ననే అడుగు!"

అడిగాడు.

సిగ్నల్ లేదన్నాను. పెట్టేశాను.

పంచమి, శుక్రవారం

తెల్లారింది. ఇద్దరి ఫోన్లూ మోగుతున్నాయి, ఎత్తడం లేదు. బస్సు ఎక్కేశారేమో... వేలి మీద కడ్డీ పెడితే ఆమెకు తెలియనే తెలియదు. మచ్చ మీద పెడితే —

రాయలేను.

రాస్తూ కూర్చుంటావా ఇంకా? స్నానం, జపం తర్వాత. బండి తియ్యి. లింగాలలో ఆ మనిషి వాకిట్లో, పదిమందిలో, "నేను చెప్పింది తప్పు, నా చెల్లె చెప్పింది నిజం" అను. నవ్వితే నవ్వనీ. కడ్డీ కాలకముందే అను. ఇవాళే. లే!