ఫిబ్రవరి పాసు

ఏప్రిల్ 11, 1982. ఆదివారం

మా ఆయన నా దగ్గర ఏదో దాస్తున్నారు. రాసి పెట్టుకోవడం మంచిది.

పక్క క్వార్టర్ నాంచారమ్మ ఢిల్లీ వెళ్ళొచ్చింది. కుతుబ్ మినార్ ముందు దిగిన ఫోటో కాలనీ అంతా తిప్పింది. నాకైతే రెండుసార్లు చూపించింది. సరే, మనమూ వెళ్దాం, సుభద్రని జూలైలో బళ్ళో వేస్తే ఇక కుదరదు అన్నాను. మా ఆయన తల ఎత్తకుండా అన్నం కలుపుతూ, ఈ ఏడు పాసులు లేవు అన్నారు.

లేకపోవడమేమిటి? రైల్వే వాళ్ళకి ఏడాదికి మూడు సెట్లు, ఇంటిల్లిపాదికీ టికెట్ లేకుండా రానూ పోనూ. మా నాన్న డ్రైవరు, మా ఆయన క్లర్కు. నాకు ఎక్కాల కన్నా ముందు వచ్చిన లెక్క ఇది. జనవరిలో మరిది పెళ్ళికి విజయనగరం వెళ్ళాం, అది ఒకటి. దసరాకి ఒకటి పక్కన పెట్టారట. మూడోది? ఏదో అయిపోయిందిలే అన్నారు. అయిపోవడానికి అదేమన్నా కొబ్బరినూనా?

ఏప్రిల్ 12

ప్రయాణాల్లో పక్క చుట్టుకునే హోల్డాల్ ఎండలో వేశాను. ఆముదం వాసన. మా ఇంట్లో ఎవరమూ ఆముదం రాసుకోము.

ఏప్రిల్ 13, మధ్యాహ్నం

హోల్డాల్ చివరిసారి బయటికి వెళ్ళింది ఫిబ్రవరిలో. నాగపూర్‌లో యూనియన్ మీటింగ్ అని ఆరు రోజులు పోయారు. మీటింగ్ ఆరు రోజులా అని అప్పుడే అడగాల్సింది. ఇంకోటి, నాగపూర్ నుంచి ఒక్క కమలాపండు తేలేదు. ఫిబ్రవరిలో! ఖాళీ చేతులతో నాగపూర్ నుంచి దిగిన మగవాణ్ణి నేను చూడలేదు.

ఇవాళ హోల్డాల్ మడతలన్నీ విప్పాను. ఒక పొడుగాటి వెంట్రుక. ఒక పసుపు రిబ్బన్ ముక్క. సుభద్రకు తిరుపతిలో గుండు చేయించి ఆరు నెలలు కాలేదు, దానికి రిబ్బన్ ఎక్కడ నిలుస్తుంది?

ఒక ఆడమనిషి. ఒక ఆడపిల్ల. ఏడ్చాను. పప్పు మాడిపోయింది. మాడిన పప్పే వడ్డించాను. ఏమీ అనకుండా తిన్నారు. తప్పు చేసినవాడు కాకపోతే ఎందుకు తింటాడు?

ఏప్రిల్ 15

పాస్ సెక్షన్‌కి వెళ్ళాను. ఆయన ఆ వేళకి గూడ్స్ షెడ్‌లో ఉంటారు, చూసుకునే వెళ్ళాను. అక్కడి క్లర్కు అచ్చయ్యగారు మా వైపువారే, కూర్చోమన్నారు. మా పాసులు ఎన్ని మిగిలాయో చూడండి బాబాయిగారూ అన్నాను. రిజిస్టర్ తీసి వేలు పెట్టి చదివారు. జనవరి, విజయనగరం. ఫిబ్రవరి, రాయపూర్ నుంచి ఢిల్లీ, రానూ పోనూ. సెల్ఫ్, వైఫ్, ఒక డాటర్.

మొన్ననే కదమ్మా వెళ్ళొచ్చారు, మరిచిపోయారా అని నవ్వారు.

నేను వెళ్ళలేదన్నాను. ఆయన నవ్వు ఆగింది. నేను ఆగలేదు. నేను వెళ్ళలేదు, నా పిల్లా వెళ్ళలేదు, ఆ వైఫ్ ఎవరో మీరే చెప్పండి అని గట్టిగానే అన్నాను. నలుగురు తలలెత్తి చూశారు. అచ్చయ్యగారు రిజిస్టర్ మూసేసి, ఇంటికి వెళ్ళండమ్మా అని మెల్లిగా అన్నారు.

ఢిల్లీ. నన్ను కాకుండా.

ఏప్రిల్ 16

ఆయన పక్క వరండాలో వేశాను. దిండు తీసుకుని అక్కడే పడుకున్నారు.

ఏప్రిల్ 17, శనివారం

చెప్పారు. నేను పాస్ సెక్షన్‌లో అన్నదంతా అచ్చయ్యగారు ఆయన చెవిన వేశారట.

పరదేశి అని మా ఆయన సెక్షన్‌లోనే కాజువల్ కూలీగా ఉండేవాడు. పోయినేడు పనిలోంచి తీసేస్తే, పక్కనున్న ఆరంగ్ ఊరివాళ్ళతో కలిసి ఢిల్లీకి బిల్డింగు పనికి పోయాడు. ఫిబ్రవరిలో మూడో అంతస్తు నుంచి పడ్డాడు. ఆస్పత్రిలో ఉన్నాడు, వెంటనే రమ్మని టెలిగ్రాం వచ్చింది. అతని పెళ్ళాం చిన్నమ్మ ఆ టెలిగ్రాం చదివించుకోవడానికి ఆఫీసుకు వచ్చింది, చంకలో పిల్లతో. చదివింది మా ఆయన. ఆమె దగ్గర టికెట్ డబ్బు లేదు. నెలాఖరు కాకపోయినా ఈయన దగ్గరా లేదు. మన పాసు ఉంది. రాయించుకుని రెండోనాడే బండెక్కించి, తనూ వెళ్ళారు.

కథ బాగానే ఉంది. కథలు అందరికీ వస్తాయి. మరి నాతో ఎందుకు చెప్పలేదని అడిగాను.

"నీకు చెబితే వద్దనేదానివి కాదు సరోజా. కానీ పది మందితో అనకుండా ఉండలేకపోయేదానివి. పాసు మీద వేరేవాళ్ళని తీసుకెళ్తే ఉద్యోగం పోతుంది."

నా నోరు అంత చెడ్డదా అన్నాను.

ఏప్రిల్ 18

నమ్మలేదు. చిన్నమ్మ ఇల్లెక్కడో ఆయన్నే అడిగి, సుభద్రని ఎత్తుకుని రిక్షా ఎక్కాను. దారిలో స్టేషన్‌లో ఆగి బుకింగ్ కిటికీ దగ్గర ఢిల్లీకి ఎంత అని అడిగాను. పుట్టి బుద్ధెరిగాక నేను టికెట్ రేటు అడగడం ఇదే మొదటిసారి. మనిషికి ఎనభై ఎనిమిదన్నాడు. తల్లికి ఒకటి, పిల్లకు అర, రానూ పోనూ రెండు వందల అరవై నాలుగు. ఎన్ని కావాలని కిటికీలోంచి అడుగుతున్నాడు. నేను అక్కడి నుంచి వచ్చేశాను.

తెలీబంధా చెరువు వెనక ఇల్లు. చిన్నమ్మ బియ్యం మిల్లులో చెరుగుతుంది, రోజుకి ఆరు రూపాయలు. బొట్టు లేదు. తలకి ఆముదం. పిల్లకి నాలుగైదేళ్ళుంటాయి, ఒక జడకే పసుపు రిబ్బన్ ఉంది. ఆ జడను చూడగానే నా అనుమానమంతా ఎటు పోయిందో పోయింది, సిగ్గు మిగిలింది.

నేనెవరో చెప్పాను. ఆమె లేచి నిలబడింది.

"అమ్మగోరూ, మీ పేరు పెట్టుకునే ఎల్లినానమ్మా. టీటీ నామ్ క్యా హై అంటే సరోజిని అని సెప్పినాను. ఎల్లినప్పుడూ వొచ్చినప్పుడూ మీ పేరే నా పేరు. మా ఆయన్ని పేనం ఉండగా సూసినాను. ఒక్క పూట. అది మీరిచ్చిందే."

నేనేం ఇచ్చాను? నాకు తెలియనే తెలియదు. తెలిసి ఉంటే ఇచ్చేదాన్నా? ఇచ్చేదాన్నేమో. నాంచారమ్మకు చెప్పి మరీ ఇచ్చేదాన్ని.

మే 4

మెమో వచ్చింది. ఎవరో ఆకాశరామన్న ఉత్తరం రాశారు. గురునాథం అనే క్లర్కు భార్య తాను ఢిల్లీ వెళ్ళలేదని ఆఫీసులో నలుగురి ముందూ చెప్పింది, విచారించగలరు అని. ఆ నలుగురిలో ఎవరు? ఎవరైతేనేం. వాళ్ళకి అందించింది నేను.

ఇన్‌స్పెక్టర్ పదో తారీఖున ఇంటికి వచ్చి నా స్టేట్‌మెంట్ తీసుకుంటాడు. ఉద్యోగం పోతే క్వార్టరూ ఖాళీ చెయ్యాలి. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండును.

మే 6

నిర్ణయించుకున్నాను. వెళ్ళానంటాను. ఆ రోజు ఆఫీసులో మొగుడి మీద కోపంతో నోటికొచ్చింది వాగానంటాను. నా సంగతి తెలిసినవాళ్ళెవరైనా నమ్ముతారు.

నాంచారమ్మకు కూడా ఇప్పుడు చెప్పాలి, ఫిబ్రవరిలోనే వెళ్ళొచ్చాం, దిష్టి తగులుతుందని చెప్పలేదని. ఫోటో ఏదీ అంటుంది. ఇక నిజంగా ఢిల్లీ చూసే యోగం నాకు లేదు. చూసేశాను కదా.

మే 8

చిన్నమ్మను పిలిపించాను. ఏ పూట దిగారు, ఎక్కడ ఉన్నారు, ఏం చూశారు, అన్నీ అడిగాను. ఆమెకు తెలిసిన ఢిల్లీ స్టేషను, ఆస్పత్రి, శ్మశానం. ఉన్న రెండు రాత్రులూ ఆస్పత్రి వరండాలోనే పడుకున్నారట. మా ఆయన ఆ చలిలో బయట బెంచీ మీద. హోల్డాల్ వీళ్ళకిచ్చేశారు.

ఇవి ఇన్‌స్పెక్టర్‌కి పనికిరావు. నాంచారమ్మ ఢిల్లీ చెప్పుకుంటాను, కుతుబ్ మినార్, ఎర్రకోట. రెండుసార్లు వినడం మంచిదే అయింది.

మే 9

సుభద్రకి కూడా నేర్పాను. కుతుబ్ మినార్ ఎంత ఎత్తు అంటే రెండు చేతులూ పైకి ఎత్తుతోంది. పాపం, ఎత్తి నవ్వుతోంది.

ఈ డైరీలో ఫిబ్రవరి పేజీలు ఖాళీగా ఉన్నాయి. రాసుకుంటే నోటికి వస్తుంది. ఆ తర్వాత ఏప్రిల్, మే పేజీలు చింపి పొయ్యిలో పెడతాను.

ఫిబ్రవరి 17, 1982. బుధవారం

పొద్దున్నే ఢిల్లీలో దిగాం. చలి. పాపకు నా కొంగు కప్పాను. కుతుబ్ మినార్ చూశాం.

కుతుబ్ మినార్ చూడలేదు. తిన్నగా ఆస్పత్రికే వెళ్ళాం. నన్ను చూసి గుర్తుపట్టాడు. చిన్నమ్మా అని పిలిచాడు.